పాత విండోస్ వదల్లేని వాళ్ళకి డ్యుయల్ బూట్ మంచిదా, వేరే దారి మంచిదా?

ఒడిశా పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్ళి కార్డులు, గుడి రసీదు పుస్తకాలు, కరపత్రాలు చేస్తాం. పెళ్ళికూతురిది పాతపట్నం, పెళ్ళికొడుకుది గుణుపూర్ అయితే కార్డులో ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా ఉండాల్సిందే. తెలుగుకి అను, ఒడియాకి ఆకృతి, పేజీ పెట్టడానికి పేజ్‌మేకర్ 7. ఈ మూడు సాఫ్ట్‌వేర్లూ విండోస్ 7 సిస్టంలో ఏళ్ళ తరబడి కుదురుగా పనిచేస్తున్నాయి. కానీ ఆన్‌లైన్ ఫారాలు, జీఎస్టీ, వాట్సాప్ వెబ్ లాంటివి అందులో సరిగా నడవడం లేదు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14న ఆగిపోయింది. క్రోమ్ కూడా 109వ వెర్షన్‌తో దాన్ని వదిలేసింది. 2023 ఫిబ్రవరి నుంచి వచ్చిన వెర్షన్లన్నీ విండోస్ 10కి, ఆపైవాటికే.

రాయగడ, జయపురం, బరంపురం వైపు తెలుగు పని చేసే షాపుల్లో చాలావాటిది ఇదే పరిస్థితి. "ఒకే సిస్టంలో పాతదీ కొత్తదీ రెండూ వేసేయొచ్చా?" అని నన్ను అడుగుతుంటారు. వేసేయొచ్చు, దాన్నే డ్యుయల్ బూట్ అంటారు. కాకపోతే అందరికీ అది సరిపడదు. నేను తిరిగి అడిగేది ఒకటే: రోజుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారాల్సి వస్తుంది? వారానికి ఒకటి రెండుసార్లయితే డ్యుయల్ బూట్ బాగుంటుంది. గంటకోసారి మారాల్సి వస్తే దాని జోలికి పోవద్దు.

ఎందుకంటే డ్యుయల్ బూట్‌లో రెండు ఓఎస్‌లూ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టంలు) ఒకే పెట్టెలో ఉంటాయి గానీ రెండూ ఒకేసారి నడవవు. ఒకటి పూర్తిగా ఆపితేనే రెండోది లేస్తుంది. నేను మూడేళ్ళు ఒకే హార్డ్ డిస్కులో విండోస్ 7, విండోస్ 10 పెట్టుకుని నడిపాను. మాఘమాసం పెళ్ళిళ్ళప్పుడు ఒక పెద్దాయన ప్రూఫ్ చూసుకోవడానికి వచ్చారు. పెళ్ళికొడుకు తాతగారి పేరు తప్పు పడింది. సరైన పేరు వాళ్ళబ్బాయి వాట్సాప్‌లో పంపాడు. అది చూడాలంటే విండోస్ 10లోకి వెళ్ళాలి. వెళ్ళి, పేరు కాగితం మీద రాసుకుని, మళ్ళీ విండోస్ 7లోకి వచ్చి దిద్దాను. ఈలోగా వినాయకుడి బొమ్మ వేరేది కావాలన్నారు. మళ్ళీ అటు. ప్రూఫ్ పీడీఎఫ్ చేసి వాళ్ళబ్బాయికి పంపాలి. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. పాత డిస్కు కాబట్టి ఒక్కో మార్పుకి నాలుగైదు నిమిషాలు పట్టేది. "ఏటి బాబూ, మళ్ళీ ఆపేసినావా? బండికి టైమైపోతంది" అన్నారాయన. ఆ ఒక్క కార్డుకే ఆరుసార్లు రీస్టార్ట్ చేశాను. తప్పు ఆయనది కాదు, సిస్టంది కాదు. మా పనికి ఆ పద్ధతి సరిపోదు, అంతే.

ముందు, పాతది నిజంగా కావాలా?

డిస్కులు విడదీసే ముందు మీ పాత ప్రోగ్రామ్‌ని కొత్త విండోస్‌లో ఒకసారి వేసి చూడండి. చాలామంది ఈ పని చేయకుండానే "అది కొత్తదాన్లో నడవదు" అనుకుంటారు. ప్రోగ్రామ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ మోడ్ పెట్టి నడిపితే కొన్ని 32 బిట్ ప్రోగ్రామ్‌లు మామూలుగానే పనిచేస్తాయి. 16 బిట్‌వి, అంటే మరీ పాతకాలంవి మాత్రం నడవవు. విండోస్ 11 మొత్తం 64 బిట్‌లోనే వస్తుంది, 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రామ్‌లు లేవవు. పాత సీడీల్లో ఇంకో చిక్కు ఉంటుంది. లోపలి ప్రోగ్రామ్ 32 బిట్‌దే అయినా దాన్ని ఎక్కించే సెటప్ 16 బిట్‌ది కావచ్చు. అప్పుడు ప్రోగ్రామ్ మంచిదే అయినా తలుపు దగ్గరే ఆగిపోతుంది.

ప్రోగ్రామ్ తెరుచుకుంది కదా అని సంతోషపడిపోవద్దు. పాత ఫైలు ఒకటి తెరిచి అక్షరాలు చూడండి. ఈ పాత ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో మన గుణింతాలు, వత్తులు ముక్కలుగా పెట్టి ఉంటాయి. ఫాంటు సరిగా ఎక్కకపోతే 'లక్ష్మి' అన్న పేరులో వత్తు పక్కకి జారి గాల్లో నిలబడుతుంది, లేదా పేరంతా ఇంగ్లీషు గుర్తులుగా కనబడుతుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. శుభలేఖలో ఒక్క వత్తు జారినా కార్డు వెనక్కి తెస్తారు, తేవాలి కూడా. అందుకే క్ష్మ, స్త్ర, ర్థ్య లాంటివి ఉన్న పాత కార్డు ఒకటి పరీక్షకి పక్కన పెట్టుకోండి. ఒడియా పని చేసేవాళ్ళు యుక్తాక్షరాలు ఎక్కువగా ఉన్న ఫైలు ఒకటి పెట్టుకోండి. అది అచ్చు వేసి చూసి, పాత ప్రింటుతో కలిస్తే మీకు పాత విండోస్ అక్కర్లేదు. ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

సిస్టం వయసు చెప్పే మాట వినండి

పరీక్షలో ఫెయిలైతే తర్వాత చూడాల్సింది సిస్టం వయసు. మన ఇష్టం కన్నా ఇక్కడ మదర్‌బోర్డు మాటే చెల్లుతుంది.

సిస్టం ఆన్ చేయగానే ఓఎస్‌ని లేపేది మదర్‌బోర్డులోని చిన్న ప్రోగ్రామ్. పాత సిస్టంలు బయోస్ పద్ధతిలో లేస్తాయి. కొత్తవి యూఈఎఫ్ఐ పద్ధతిలో లేస్తాయి. విండోస్ 7కి పాత పద్ధతి హాయి, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని ఓఎస్‌ని లేవనివ్వని కాపలా) ఆపి ఉండాలి. విండోస్ 11కి అధికారికంగా యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్‌కి పనికొచ్చే బోర్డు, టీపీఎం 2.0 (భద్రత చిప్), కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. ఇంటెల్‌లో అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. అంటే ఒకరికి కావాల్సింది ఇంకొకరికి పడదు. మధ్యకాలంలో వచ్చిన బోర్డుల్లో సీఎస్ఎం అనే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్ చేస్తే రెండు పద్ధతులూ నడుస్తాయి. ఈ మధ్య వచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి సీఎస్ఎం లేనేలేదు.

డ్రైవర్ల (పరికరాలని విండోస్‌తో కలిపే చిన్న ప్రోగ్రామ్‌ల) సంగతి ఇంకోటి. విండోస్ 7 సీడీలో యూఎస్‌బీ 3.0కి గానీ, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి (వేగంగా నడిచే కొత్త రకం డిస్కుకి) గానీ డ్రైవర్ ఉండదు. ఇంటెల్ 6వ తరం బోర్డుల నుంచి చాలాచోట్ల సెటప్ తెర వచ్చాక మౌస్, కీబోర్డు రెండూ చచ్చినట్టు పడుంటాయి. "నెక్స్ట్" బటన్ ఎదురుగా కనబడుతుంది, నొక్కే దారి ఉండదు. డ్రైవర్లు కలిపి పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవచ్చు గానీ అది కొత్తవాళ్ళ పని కాదు.

నా సలహా ఇది. 2012కి ముందు సిస్టం అయితే విండోస్ 7 పక్కన లినక్స్ మింట్ (ఉచితంగా దొరికే వేరే ఓఎస్) వేసుకోండి. 2012 నుంచి 2016, 17 దాకా వచ్చిన సిస్టం అయితే డ్యుయల్ బూట్‌కి అసలైన వయసు అదే, అధికారికంగా విండోస్ 11 తప్ప మిగతావన్నీ కుదురుతాయి. ఆ తర్వాతి సిస్టం అయితే విండోస్ 7ని నేరుగా వేయాలన్న ఆలోచనే మానేసి వర్చువల్ మెషీన్‌కి (కొత్త ఓఎస్ లోపలే ఒక కిటికీలో పాతది నడిపే పద్ధతికి) వెళ్ళిపోండి.

ఒకే డిస్కా, రెండు డిస్కులా

డ్యుయల్ బూట్‌కే వెళ్ళాలనుకుంటే మాత్రం రెండు డిస్కులే పెట్టుకోండి. ఈ విషయంలో నాకు అనుమానం లేదు.

ఒకే డిస్కులో చేస్తే ఖర్చు లేదు నిజమే. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ష్రింక్ కొట్టి, ఉన్న పార్టిషన్‌ని (డిస్కులో ఒక భాగాన్ని) కుదించి జాగా తీసి, అందులో రెండోది వేసుకోవచ్చు. కానీ కదలని ఫైళ్ళు మధ్యలో ఉంటే 200 జీబీ ఖాళీ ఉన్నా 40 జీబీ కన్నా ఇవ్వనంటుంది. ఎంబీఆర్ అనే పాత పద్ధతి డిస్కులో ప్రైమరీ పార్టిషన్లు నాలుగే పడతాయి, అప్పటికే నాలుగు ఉంటే దారి లేదు. అన్నిటికన్నా ముఖ్యం, రెండు ఓఎస్‌లు లేచే చోటు ఒకటే. ఒకటి దాన్ని పాడు చేస్తే రెండోది కూడా లేవదు.

నాకు అలాగే జరిగింది. ముందు విండోస్ 10 ఉంది, తర్వాత పక్కన విండోస్ 7 వేశాను. పాతది తన బూట్ ఫైళ్ళు పైన రాసేసింది. విండోస్ 10 ఎంచుకుంటే నల్లటి తెర మీద 0xc0000428 అనే నంబరు, ఫైలు డిజిటల్ సంతకం సరిచూడలేకపోతున్నానన్న మాట. డేటా ఎక్కడికీ పోలేదు. పాత బూట్ మేనేజర్‌కి తన తర్వాత పుట్టిన విండోస్‌ని గుర్తుపట్టడం రాదు, అంతే. విండోస్ 10 పెన్‌డ్రైవ్‌తో లేపి, కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్ ఫైళ్ళు మళ్ళీ రాసే బీసీడీబూట్ కమాండ్ కొడితే సరైంది. కానీ ఆ సంగతి తెలిసేలోపు ఒక రాత్రంతా టెన్షన్. అందుకే వరుస గుర్తుపెట్టుకోండి: పాతది ముందు, కొత్తది తర్వాత. లినక్స్ అయితే అన్నిటికన్నా చివర. లినక్స్ వాళ్ళ గ్రబ్ మెనూ (ఆన్ చేయగానే ఏ ఓఎస్ కావాలో అడిగేది) సిస్టంలో అప్పటికే ఉన్న విండోస్‌ని వెతికి జాబితాలో చేర్చుకుంటుంది, విండోస్ మాత్రం లినక్స్‌ని పట్టించుకోదు.

రెండు డిస్కులైతే ఈ గొడవే ఉండదు. ఇప్పుడున్న పాత డిస్కుని అలాగే ఉంచి, చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని కొత్తది అందులో వేయండి. వేసేటప్పుడు పాత డిస్కు సాటా కేబుల్ (డిస్కుని బోర్డుకి కలిపే తీగ) తప్పనిసరిగా పీకేయండి. లేకపోతే విండోస్ సెటప్ తన బూట్ ఫైళ్ళు తీసుకెళ్ళి పాత డిస్కులోనే పెట్టే అవకాశం ఉంది. రేపు ఆ డిస్కు పోతే కొత్తది కూడా లేవదు. పని అయ్యాక కేబుల్ పెట్టేసి, ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూలో ఏ డిస్కు కావాలో ఎంచుకోవడమే. డెల్, లెనోవోలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. పాత ల్యాప్‌టాప్ అయితే డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ చోట క్యాడీలో (డిస్కు పట్టే చట్రంలో) రెండో డిస్కు బిగించవచ్చు.

పార్టిషన్ పనులు చేసేటప్పుడు యూపీఎస్ లేకుండా కూర్చోవద్దు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను తర్వాత మా జిల్లాలో కరెంటు ఎలా వచ్చి పోయేదో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ష్రింక్ సగంలో ఉండగా కరెంటు పోతే ఆ పార్టిషన్‌కి ఎవరూ హామీ ఇవ్వలేరు.

వర్చువల్ మెషీన్: మా షాపులో ఇప్పుడు నడుస్తున్నది

వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ ఉచితం. విండోస్ 11 లేదా 10 లేదా మింట్ మీద దాన్ని వేసుకుంటే, అందులో ఒక కిటికీలో విండోస్ 7 లేస్తుంది. పక్క కిటికీలో వాట్సాప్ వెబ్. రీస్టార్ట్ అన్న మాటే లేదు. సిస్టంలో 8 జీబీ ర్యామ్ ఉండాలి, అందులో 2 జీబీ లోపలి విండోస్ 7కి ఇస్తే పేజ్‌మేకర్‌కి ధారాళంగా సరిపోతుంది. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయడం మర్చిపోవద్దు.

అన్నీ మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలేమో అన్న భయం అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళదే డిస్క్‌టువీహెచ్‌డీ అని చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. పాత సిస్టం నడుస్తుండగానే దాని డిస్కు మొత్తాన్ని ఒక ఫైలుగా తీసేస్తుంది. వీహెచ్‌డీఎక్స్ అన్న చోట టిక్ తీసేసి మామూలు వీహెచ్‌డీగా తీయండి. దాన్ని బయటి డిస్కులోకి తీసుకుని వర్చువల్‌బాక్స్‌లో తగిలిస్తే, మీ పాత డెస్క్‌టాప్ అవే ఫాంట్లతో, అవే ఫోల్డర్లతో లేస్తుంది. నీలం తెర వస్తే వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో డిస్క్ కంట్రోలర్‌ని సాటా నుంచి ఐడీఈకి మార్చి చూడండి. విండోస్ మళ్ళీ యాక్టివేషన్ అడగవచ్చు. సిస్టంతో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ సిస్టంకే పరిమితం, అది మనసులో పెట్టుకోండి.

ప్రింటింగ్ గురించి అందరికీ అనుమానం. నేను లోపలి నుంచి నేరుగా ప్రింటు కొట్టను. లోపల పీడీఎఫ్ చేసి, రెండు వైపులా కనబడే షేర్డ్ ఫోల్డర్లో పెట్టి, బయట నుంచి ప్రింటు ఇస్తాను. పాత ప్రింటర్ డ్రైవర్ బాధ ఉండదు, ప్రూఫ్ పంపడానికి కూడా అదే ఫైలు. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్లన్నీ ఎంబెడ్ అయ్యేలా (ఫైలులోనే కలిసిపోయేలా) పెట్టాలి, లేకపోతే బయట వత్తులు మళ్ళీ జారతాయి. ఇంకో మేలు స్నాప్‌షాట్. అంతా బాగున్న రోజున ఒకటి తీసి పెట్టుకుంటే, ఏదైనా చెడినప్పుడు ఆ రోజుకి వెనక్కి వెళ్ళిపోవచ్చు.

ఇది పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. 4 జీబీ ర్యామ్ సిస్టంలో పెట్టుకుంటే లోపలిదీ బయటిదీ రెండూ ఈడుస్తాయి. సాఫ్ట్‌వేర్‌కి యూఎస్‌బీ లాక్ (తగిలిస్తేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకునే చిన్న పరికరం) ఉంటే దాన్ని లోపలికి పంపవచ్చు, కానీ కొత్త సిస్టం కొనే ముందే పరీక్షించండి. పాత ప్యారలల్ పోర్టు లాక్ అయితే ఆశ పెట్టుకోవద్దు. కటింగ్ ప్లాటర్లు, ల్యాబ్ యంత్రాలు, లోపల కార్డు బిగించి నడిపే పరికరాలు ఉన్నవాళ్ళకి డ్యుయల్ బూట్ లేదా విడిగా పాత సిస్టమే మేలు. పాత సిస్టం బాగానే నడుస్తూ, బల్ల మీద చోటు కూడా ఉంటే దాన్ని కదపకుండా, నెట్ తీసేసి అలాగే ఉంచుకోవడం కూడా తక్కువ నిర్ణయం ఏమీ కాదు.

కొత్త వైపు ఏది వేయాలి

సిస్టం ఒప్పుకుంటే విండోస్ 11. ఒప్పుకోని సిస్టంలో అడ్డదారిన వేసే పద్ధతులు ఉన్నాయి గానీ, పొట్టకూటి సిస్టం మీద ఆ ప్రయోగం వద్దంటాను. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో నమోదు చేసుకున్న ఇంటి సిస్టంలకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించారు. కాబట్టి ఇప్పుడు కొత్తగా విండోస్ 10 వేసుకోవడం అంటే కొద్దికాలానికే మళ్ళీ ఇదే పని పెట్టుకోవడం.

లినక్స్ మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, ఉచితం, పాత సిస్టంలో చురుగ్గా ఉంటుంది. తెలుగు, ఒడియా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులు రెండూ పెట్టుకోవచ్చు. బ్రౌజర్, పీడీఎఫ్, ఉత్తరాలు, లెక్కలు వరకే మీ కొత్త పని అయితే కళ్ళు మూసుకుని మింట్ వేసుకోండి. కానీ మో సేవా కేంద్రం (ఒడిశా ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల కేంద్రం) లాంటిది నడుపుతూ వేలిముద్ర యంత్రం వాడేవాళ్ళు విండోస్‌లోనే ఉండండి. ఆ యంత్రాలకి సాధారణంగా విండోస్, ఆండ్రాయిడ్ సాఫ్ట్‌వేరే ఇస్తారు. కొన్ని లేజర్ ప్రింటర్లకి కూడా లినక్స్ డ్రైవర్ తిన్నగా ఉండదు. వేసే ముందు మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే లేపి, మీ ప్రింటర్, స్కానర్ తగిలించి చూసుకోండి.

ఏ దారిలో వెళ్ళినా పాత విండోస్‌కి నెట్ ఇవ్వవద్దు. ఈ ఒక్క మాట మాత్రం బతిమాలి చెబుతాను. 2017 మేలో వానాక్రై (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నవి విండోస్ 7 సిస్టంలే. డ్యుయల్ బూట్‌లో పాత వైపు వైరస్ దూరితే కొత్త వైపు డ్రైవ్‌లు కూడా దాని కళ్ళముందే ఉంటాయి. విండోస్ 7లో డివైస్ మేనేజర్‌కి వెళ్ళి నెట్‌వర్క్ కార్డు డిజేబుల్ చేయండి. కొత్త విండోస్ డ్రైవ్‌కి అక్కడ డ్రైవ్ అక్షరం (D:, E: లాంటిది) తీసేయండి. మింట్ అయితే దాని ఈఎక్స్‌టీ4 (లినక్స్ వాడే డిస్కు పద్ధతి) పార్టిషన్ విండోస్‌కి చదవడమే రాదు, అదొక మేలు. వర్చువల్ మెషీన్‌లో అయితే నెట్‌వర్క్ అడాప్టర్ టిక్ ఒక్కటి తీసేస్తే చాలు. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు ముందు కొత్త వైపు స్కాన్ చేసి, ఫైలు ఒక్కటే పాత వైపుకి ఇవ్వండి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయిన పెన్‌డ్రైవ్ చూడని డీటీపీ షాపు మా జిల్లాలో ఉండదేమో.

డ్యుయల్ బూట్ వేసుకున్నవాళ్ళని మొదటి వారంలో కంగారు పెట్టేవి మూడు ఉన్నాయి. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఆ స్థితిలో పాత వైపు నుంచి అదే డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైళ్ళు దెబ్బతింటాయి. మింట్ అయితే ఆ డ్రైవ్‌ని చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. రెండోది గడియారం. మింట్ నుంచి విండోస్‌లోకి వస్తే టైము ఐదున్నర గంటలు వెనక్కి పోయి, పదకొండు గంటలకి ఐదున్నర చూపించవచ్చు. విండోస్ గడియారాన్ని మన టైములో రాస్తుంది, లినక్స్ అంతర్జాతీయ టైములో రాస్తుంది. మింట్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లోకల్ టైముకి మారిస్తే సరి. మూడోది బిట్‌లాకర్, అంటే డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు. కొత్త ల్యాప్‌టాప్‌లో మీకు తెలియకుండానే అది ఆన్ అయి ఉండవచ్చు. సెక్యూర్ బూట్ సెట్టింగ్ మార్చగానే 48 అంకెల కీ అడుగుతుంది. బయోస్‌లో చెయ్యి పెట్టకముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి ఆ కీ కాగితం మీద రాసుకోండి.

పాత డిస్కుకి వయసైపోయి ఉంటుంది. అందుకే ఇవన్నీ మొదలుపెట్టే ముందు క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రామ్‌తో దాని ఇమేజ్ (డిస్కు మొత్తం నకలు) తీసి బయటి డిస్కులో పెట్టి, ఆ డిస్కు ఇంట్లో బీరువాలో ఉంచండి, షాపులో కాదు. క్యాబినెట్ పక్కన ఒక చీటీ అతికించండి. బూట్ మెనూకి ఏ కీ నొక్కాలి, ఏ డిస్కులో ఏది ఉంది, ఇమేజ్ ఏ తేదీన తీశారు, ఈ మూడూ దాని మీద రాయండి. మా షాపులో ఆ చీటీ తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి ఉన్నాయి, ఎందుకంటే నేను లేనప్పుడు కూర్చునే కుర్రాడికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు.